చివరి పేరు దాకా

ముస్లిం కుటుంబాలకు పట్టీలు కొత్త కావు. నికాహ్‌కు పిలవవలసిన బంధువుల పట్టీ, వలీమాకు తేవలసిన సరుకుల పట్టీ, ఖుర్బానీ మాంసం పంచవలసిన ఇళ్ళ పట్టీ, రంజాన్ చివరి రోజులలో ఫిత్రా చేరవలసిన కుటుంబాల పట్టీ. ఇవన్నీ మన పెద్దలు కాగితం మీదనో, మనసులోనో ఏళ్ళ తరబడి నడుపుతూ వస్తున్నవే. పట్టీ రాయడం ఒక బాధ్యత. రాసిన పట్టీ ప్రకారం ఇంటింటికీ వెళ్ళడం మరొక బాధ్యత. రాసేటప్పుడు ఎవరినైనా మరిస్తే ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. పంచేటప్పుడు మరిస్తే గుర్తు చేసేవారు ఉండరు. పట్టీలో పేరు ఉన్నది కనుక అందే ఉంటుందని అందరూ అనుకుంటారు.

కంప్యూటరుకు పని చెప్పే భాషలలో కూడా ఈ రెండు బాధ్యతలే ఉన్నాయి. ఒకే రకమైన వివరాలను ఒక వరుసలో పేర్చి, ఆ వరుసకు ఒక పేరు పెట్టడం మొదటిది. ఆ వరుసలో ఒక్కొక్క దానినీ పలకరిస్తూ చివరి దాకా వెళ్ళడం రెండవది. వరుసను 'అర్రే' అంటారు, దాని గుండా తిరగడాన్ని 'లూప్' అంటారు. కుటుంబ పత్రికలో ఈ ప్రస్తావన ఏమిటని పాఠకులకు అనిపించవచ్చు. కానీ ఇది మన పిల్లలు నేడు నేర్చుకొంటున్న చదువు. అంతేకాదు, గత రంజాన్‌లో మా మొహల్లాలో ఒక ఇంటి పండుగ ఈ చిన్న విషయం మీదనే ఆధారపడింది.

మేము జూపాడు బంగ్లాలో నివసించే దంపతులము. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడే వరకు మా మండలం కర్నూలు జిల్లాలో ఉండేది. అస్ర్ నమాజు తరువాత మగ్రిబ్ అజాన్ వినిపించే వరకు మా ఇంటి ముందు గదిలో నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు కూర్చుంటారు. ఉన్నది ఒకటే పాత లాప్‌టాప్. వారికి మేము నేర్పుతున్నది జావాస్క్రిప్ట్. దానిని ఎంచుకోవడానికి కారణం ఖర్చు లేకపోవడమే. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో పని చేస్తూ బ్రెండన్ ఐక్ అనే ఆయన దాని తొలి రూపాన్ని పది రోజులలో సిద్ధం చేశారు. నేడు ఇంటర్నెట్ చూపించే ప్రతి బ్రౌజర్‌లోనూ అది ముందే ఉంటుంది. కొనవలసింది ఏమీ లేదు. రాసినది అప్పటికప్పుడే నడిచి, ఫలితం ఎదుట కనిపిస్తుంది.

తొలి పాఠం రోజున 'అర్రే' అన్న మాట గదిలో వినబడగానే లోపల ఉన్న నానీ "అర్రే! ఏమైంది?" అంటూ బయటికి వచ్చారు. పిల్లలు నవ్వారు. ఆ మాట ఆ రోజు నుండి వారెవరికీ మరపు రాలేదు.

వరుసను ప్రకటించడానికి మేము మా మండలపు నీటినే ఉదాహరణగా తీసుకొన్నాము. శ్రీశైలం జలాశయపు నీరు రాయలసీమ వైపు మళ్ళే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ మా మండలంలోనే ఉంది. అక్కడి నుండి నీరు బనకచెర్లకు వెళ్ళి, కాలువలుగా చీలుతుంది. వాటిలో తెలుగు గంగ నీరు వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా తమిళనాడులోని పూండి జలాశయానికి చేరి చెన్నై నగరపు దాహం తీరుస్తుంది. దీనికై రెండు రాష్ట్రాల మధ్య 1983లో ఒప్పందం కుదిరింది. 1996లో నీరు పూండికి చేరింది. ఆ మజిలీలను పిల్లలచేత ఇలా రాయించాము:

లెట్ మజిలీలు = ["పోతిరెడ్డిపాడు", "బనకచెర్ల", "వెలుగోడు", "సోమశిల", "కండలేరు", "పూండి"];

'లెట్' వంటి కీలకపదాలను యంత్రానికి ఆంగ్ల అక్షరాలలోనే ఇవ్వాలి. పాఠకుల సౌకర్యం కోసం ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాము. అయితే వరుసకు మనం పెట్టుకొనే పేరు తెలుగులో ఉన్నా జావాస్క్రిప్ట్ అంగీకరిస్తుంది. 'మజిలీలు' అన్న మాటను మా పిల్లలు తెలుగు అక్షరాలతోనే రాశారు. 'లెట్' అనగా ఒక పేరును ప్రకటిస్తున్నామని అర్థం. సమాన గుర్తుకు కుడివైపున చదరపు బ్రాకెట్లు వరుసకు ప్రహరీ వంటివి. కామా ఒక మజిలీని మరొక దానినుండి వేరు చేస్తుంది. కొటేషన్ గుర్తులు అవి మాటలని యంత్రానికి తెలుపుతాయి. ఇంతటితో ప్రకటన పూర్తి అయినట్లే. క్రమం ముఖ్యమన్న సంగతి పిల్లలకు వేరుగా చెప్పవలసిన అవసరం రాలేదు. వెలుగోడు రాకుండా సోమశిల రాదని కాలువ పక్కన పెరిగిన బిడ్డలకు తెలుసు.

అసలు తికమక తరువాత వచ్చింది. ఈ వరుసలో మొదటిదాని సంఖ్య 1 కాదు, 0. మజిలీలు[0] అంటే పోతిరెడ్డిపాడు. మజిలీలు[5] అంటే పూండి. ఉన్నవి 6, చివరిదాని సంఖ్య 5. "ఇదేం లెక్క చాచా?" అని పిల్లలు అడిగారు. బయలుదేరిన చోటి నుండి ఎన్ని మజిలీలు దాటామో ఆ సంఖ్య చెబుతుందని మేము వివరించాము. పోతిరెడ్డిపాడులోనే నిలబడి ఉంటే దాటినవి సున్నా. బనకచెర్లకు చేరితే ఒకటి. సంఖ్యను దూరంగా భావిస్తే సున్నా సహజమైపోతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా లెక్క సున్నా నుండే ఎందుకు మొదలు కావాలో వివరిస్తూ 1982లో ఒక చిన్న వ్యాసమే రాశారు.

ఈ సందర్భంలో పిల్లలకు మరొక మాట కూడా చెప్పాము. సున్నాతో లెక్కలు చేసే నియమాలను మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో గ్రంథస్థం చేశారు. భారతీయ అంకెలతో గణించే పద్ధతిని 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లోని అల్-ఖ్వారిజ్మీ తన గ్రంథంలో వివరించారు. అది లాటిన్‌లోకి వెళ్ళి ఐరోపాకు ఈ లెక్క నేర్పింది. ఆయన పేరు నుండే 'అల్గారిథమ్' అన్న మాట పుట్టింది. మన ఇళ్ళలో సున్నాను 'సిఫర్' అంటాము కదా, ఐరోపా భాషలలోని 'జీరో' మూలం కూడా ఆ అరబీ మాటే. ఈ విద్య పరాయిదని, మనకు అందనిదని పిల్లలు భావించకూడదన్నదే మా ఉద్దేశం.

ఇక తిరగడం. నమాజు తరువాత తస్బీహ్ తిప్పే నానీ చేతిని చూడమన్నాము. వేళ్ళు మొదటి పూస దగ్గర మొదలవుతాయి. ఒక పూస జరిగాక మరొక పూసకు వెళతాయి. పెద్ద పూస తగలగానే ఆగుతాయి. మొదలు, ఆగే షరతు, ముందుకు జరగడం అనే మూడు అంశాలే లూప్‌లోనూ ఉన్నాయి:

ఫర్ (లెట్ సంఖ్య = 0; సంఖ్య < మజిలీలు.లెంగ్త్; సంఖ్య++)

సున్నాతో మొదలు పెట్టు. సంఖ్య వరుస పొడవుకంటే తక్కువగా ఉన్నంత వరకు సాగు. ప్రతి తిరుగుడు తరువాత సంఖ్యను ఒకటి పెంచు. దీని అర్థం ఇంతే. 'లెంగ్త్' వరుసలో ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఇక్కడ అది 6. సంఖ్య 0, 1, 2, 3, 4, 5 విలువలు తీసుకొని, 6 కాగానే ఆగిపోతుంది. ఆరు మజిలీలూ పూర్తవుతాయి.

ఇక్కడ అతి చిన్న గుర్తు మారినా ఫలితం మారుతుంది. 'తక్కువ' అన్నచోట 'తక్కువ లేదా సమానం' అని రాస్తే యంత్రం లేని ఏడవ మజిలీని వెతుకుతుంది. అలాంటప్పుడు కొన్ని భాషలు పని ఆపివేసి తప్పును ఎత్తి చూపుతాయి. జావాస్క్రిప్ట్ మాత్రం 'అన్‌డిఫైన్డ్', అనగా నిర్వచించబడనిది అని ఒక మాట ఇచ్చి ఊరుకొంటుంది. దీనికంటే ప్రమాదకరమైనది ఒకటి ముందుగా ఆగిపోవడం. అప్పుడు ఆ మాట కూడా రాదు. యంత్రం తనకు చెప్పినంత చేసి, పని అయిపోయిందంటుంది.

నీటి ప్రాంతపు రైతు కుటుంబాలకు దీనిని వేరే మాటలతో వివరించవచ్చు. కాలువ తల వద్ద ఉన్నవారికి నీరు ముందు అందుతుంది. చివరి ఆయకట్టు రైతు ఎదురు చూస్తూ ఉంటాడు. రికార్డులో అతని పొలం ఉంటుంది, శిస్తు రసీదులో అతని పేరు ఉంటుంది, మడిలో నీరు మాత్రం ఉండదు. నీరు వదిలామని చెప్పడం వేరు, చివరి మడి తడిసిందని చెప్పడం వేరు.

గత రంజాన్‌లో మా మొహల్లాలో ఈ భేదమే కళ్ళ ముందుకు వచ్చింది. పండుగ సరుకులు అందవలసిన కుటుంబాల పట్టీని పెద్దలు ఒక నోటు పుస్తకంలో రాసుకొన్నారు. మొత్తం 43 ఇళ్ళు. పట్టణంలో చదువుకొని వచ్చిన ఒక యువకుడు ఆ పేర్లను కంప్యూటరులోకి ఎక్కించి, ప్రతి ఇంటికీ ఒక చీటీ అచ్చయ్యేలా ప్రోగ్రామ్ రాశాడు. అతడు శ్రద్ధగల పిల్లవాడు. నిద్ర మానుకొని, ప్రతిఫలం ఆశించకుండా చేశాడు. బియ్యం, శేమియా, చక్కెర, నూనె సంచులు చీటీల లెక్క ప్రకారమే కట్టారు. పంపకం సాఫీగా సాగింది. ఒక్క చీటీ మిగలలేదు, ఒక్క సంచీ మిగలలేదు. అందరూ అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకొన్నారు.

మా దగ్గర చదువుకొనే పిల్లలలో ఇంటర్ రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఉంది. సంచులు కట్టడంలో తన తల్లికి సాయం చేసి వచ్చి, ఆ సాయంత్రం మాతో అంది: "చాచీ, మేము కట్టింది 42 సంచులు. పుస్తకంలో 43 ఇళ్ళు కదా?"

యువకుణ్ణి అడిగితే అతడు నిశ్చింతగానే జవాబిచ్చాడు. "కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది చాచీ. దానికి 42 అంటే మనకు 43 అన్నట్టే." వినడానికి సబబుగానే ఉంది. పెద్దలు సరేనన్నారు. అమ్మాయి మాత్రం సరేననలేదు. "వరుస సంఖ్యకు సున్నా ఉంటుంది భయ్యా, సంచీకి ఉండదు గదా" అంది. ప్రోగ్రామ్ చూపించమని కోరింది.

అందులో ఆగే షరతు 'సంఖ్య < ఇళ్ళు.లెంగ్త్ - 1' అని ఉంది. చివరిదాని సంఖ్య పొడవుకంటే ఒకటి తక్కువ అన్న నియమం అతడికి తెలుసు. అది నిజమే. కానీ 'తక్కువ' అన్న గుర్తు ఆ ఒకటిని ముందే తగ్గిస్తుంది. మళ్ళీ తీసివేస్తే రెండుసార్లు తగ్గించినట్లు అవుతుంది. పొడవు 43. షరతు ప్రకారం సంఖ్య 42కంటే తక్కువగా ఉండాలి. కనుక అది 0 నుండి 41 వరకే నడిచింది. నలభై రెండు ఇళ్ళకు చీటీలు వచ్చాయి. సంఖ్య 42 గల ఇల్లు, అనగా పుస్తకంలో పేజీ అడుగున ఇరికించి రాసిన చివరి పేరు, మిగిలిపోయింది.

అది ఎవరి పేరో చూశాము. భర్త మరణించిన తరువాత ఇద్దరు బిడ్డలతో మా ఊరికి వచ్చి, ఒక గది అద్దెకు తీసుకొని కూలికి వెళ్ళే ఒక సోదరిది. కొత్తగా వచ్చారు కనుక చివర చేర్చారు. పట్టీలలో చివరకు చేరేవారు తరచుగా ఇలాంటివారే. పాత కాపురస్తులు, బంధుబలగం ఉన్నవారు పై వరుసలలో ఉంటారు. కాబట్టి ఒకటి ముందుగా ఆగే లూప్ ఎవరినో ఒకరిని వదిలివేయదు. అడగడానికి నోరు లేనివారినే వదిలివేస్తుంది.

పండుగకు ఇంకా ఒక రోజు ఉంది. ఇషా తరువాత సంచీ సిద్ధం చేసి, ఆ అమ్మాయి తల్లీ మా ఇంటి స్త్రీలూ కలిసి ఆ గదికి వెళ్ళారు. ఆలస్యానికి మన్నించమని కోరారు. ఆ సోదరి సంచీని వెంటనే అందుకోలేదు. "ఈ ఊరి పట్టీలో మా పేరు ఉందా ఆపా?" అని అడిగారు. తమ పేరు ఉన్నదని ఆమెకు తెలియనే తెలియదు. కనుక అందలేదని ఎన్నటికీ అడిగి ఉండరు.

ఆ యువకుడి పేరు మేము ఎక్కడా ఎత్తలేదు, ఎత్తము. మేలు చేయబోయినవాడి తడబాటును బజారున పెట్టడం మన పద్ధతి కాదు. అతడే మరుసటి ఉదయం మా ఇంటికి వచ్చి, ఈ తప్పు మళ్ళీ జరగకుండా ఉండే మార్గం ఏమైనా ఉందా అని పిల్లలతోపాటు కూర్చున్నాడు.

మార్గం ఉంది. 2015లో వెలువడిన జావాస్క్రిప్ట్ ప్రమాణం తిరగడానికి మరొక పద్ధతిని ఇచ్చింది:

ఫర్ (లెట్ ఇల్లు ఆఫ్ ఇళ్ళు)

ఇందులో సున్నా లేదు, పొడవు లేదు, తక్కువ గుర్తు లేదు. 'ఇళ్ళలోని ప్రతి ఇంటికీ' అన్న మాట తప్ప మరేమీ లేదు. ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో యంత్రమే చూసుకొంటుంది. ఎన్నవదో తెలియనవసరం లేని చోట ఇదే మేలైన పద్ధతి. పిల్లలకు మేము మొదట లెక్కించే లూప్ నేర్పి, ఆ తరువాతనే దీనిని చూపుతాము. కష్టం తెలిసినవారికే సుఖం విలువ తెలుస్తుంది.

మొత్తం వేసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఇంటింటి తలలు కూడి ఎంత ధాన్యం కావాలో తేల్చాలనుకొందాము. 'మొత్తం = 0' అన్న మాటను తిరుగుడు మొదలు కాకముందే రాయాలి. 4, 6, 3 మంది ఉన్న మూడు ఇళ్ళకు 13 వస్తుంది. ఆ మాటను లూప్ లోపల రాస్తే ప్రతి ఇంటి దగ్గరా లెక్క మళ్ళీ సున్నా అవుతుంది. చివరి ఇంటి 3 మాత్రమే మిగులుతుంది. ఆడంగులు మొదటి కొలత మరచి చివరి కొలత చెప్పినట్లు ఉంటుందని నానీ చమత్కరించారు.

ఇంతకూ యంత్రం చేయలేనిది ఒకటి ఉంది. వరుసలో 'ఒకటి' అంటే ఏమిటో అది నిర్ణయించలేదు. ఈ సంగతి పిల్లలకు మా ఊరి పేరే నేర్పింది. 'జూపాడు' అన్న మాటను ఈ కొత్త లూప్‌తో ఒక్కొక్కటిగా విడదీయించాము. మన కంటికి అందులో ఉన్నవి మూడే అక్షరాలు. యంత్రం ఆరు ముక్కలు చూపింది. జ, దాని దీర్ఘపు కొమ్ము, ప, దాని దీర్ఘం, డ, దాని కొమ్ము వేరువేరుగా వచ్చాయి. కంప్యూటర్లు లిపులను భద్రపరిచే యూనికోడ్ పద్ధతిలో హల్లుకూ గుణింతపు గుర్తుకూ విడివిడి స్థానాలు ఉండటమే దీనికి కారణం. మనకు ఒకటైనది దానికి రెండు.

ఇళ్ళ పట్టీలోనూ ఇదే చిక్కు ఉంది. ఒకే గడప, రెండు పొయ్యిలు. అన్న కుటుంబం ఒక పక్క, తమ్ముడి కుటుంబం ఒక పక్క. అది ఒక ఇల్లా, రెండిళ్ళా? గడపను లెక్కించేవారు ఒకటి అంటారు, పొయ్యిని లెక్కించేవారు రెండు అంటారు. ఏది సరైనదో జావాస్క్రిప్ట్‌కు తెలియదు. పొయ్యి దగ్గర కూర్చొనే తల్లికి తెలుసు. కనుక వరుసను ప్రకటించే పనిని మగవారు, చదువుకొన్నవారు మాత్రమే కాక, ఇంటింటి లోపలి సంగతి తెలిసిన స్త్రీలు కూడా కలిసి చేయాలని మా మొహల్లా పెద్దలు ఇప్పుడు అంగీకరించారు. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని వరుస చివర చేర్చడానికి 'పుష్' అనే ఆజ్ఞ ఉంది. ఒక్క పంక్తి చాలు. ఆ కుటుంబం ఊరికి వచ్చిందన్న కబురు మాత్రం మనుషులే తేవాలి.

ఆ అమ్మాయి విషయం చెప్పి ముగిస్తాము. ఇంటర్ అయ్యాక ఆమెను కర్నూలులో డిగ్రీ చదివించాలా, ఇంట్లోనే ఉంచాలా అన్నది వారింట ఇంకా తేలలేదు. బస్సు ఖర్చు ఉంది, దూరం ఉంది, చెల్లెళ్ళు ఉన్నారు. తండ్రి ఆలోచిస్తున్నారు. మేము వారిని తొందరపెట్టలేదు. ఒక మాట మాత్రం చెప్పాము: "భాయి సాహెబ్, 43 ఇళ్ళ పట్టీలో ఒక్క ఇల్లు తప్పితే పట్టుకొన్న కన్ను మీ బిడ్డది. ఆ కన్నుకు చదువు అవసరం." ఆయన తల ఊపారు. జవాబు రాలేదు.

పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా ఒక పాత కంప్యూటరు, నేర్చుకోవాలన్న బిడ్డ ఉంటే, మీ మొహల్లా పట్టీతోనే తొలి పాఠం మొదలు పెట్టించండి. పంపకానికి ముందు రెండు సంఖ్యలను పక్కపక్కన రాయించండి: వరుస పొడవు ఎంత, కట్టిన సంచులు ఎన్ని. ఆ రెండూ సమానమైతే సంచులు బయటికి వెళ్ళవచ్చు. సమానం కాకపోతే ఎంత పొద్దుపోయినా సరే, ముందుగా చివరి పేరు చదవండి.